వీడియో గేమ్ పెట్టెకు కొత్త రంగు

విజయవాడ ఆటోనగర్‌లో మూడో అడ్డరోడ్డు మొదట్లో సలోమి పెయింటింగ్ షాపు ఉండేది. పాతికేళ్ల పాటు ఆమె బైకు ట్యాంకులకీ లారీ డోర్లకీ రంగులు వేసింది. డీజిలు బళ్లు పోయి బ్యాటరీ బళ్లు వచ్చాయి. వాటికి ఫ్యాక్టరీలోనే గీతలు పడని తొడుగు వేసి పంపడం మొదలైంది. దాంతో ఆమె స్ప్రే గన్నుకి పని తగ్గిపోయింది. అలాంటి రోజుల్లో ఆమెని నిలబెట్టినవి పాత వీడియో గేములు.

వెనకటి కాలంలో టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చి ఆడుకున్న పెట్టెలవి. వాటిని వెతికి పట్టుకుని అద్దాల బీరువాల్లో పెట్టుకునే పిచ్చి జనానికి కొత్తగా పట్టుకుంది. పెట్టె లోపలి సామాను బాగానే ఉండేది గానీ పై ప్లాస్టిక్ మాత్రం పళ్లు తోముకోని వాడి పళ్లలా పచ్చబడిపోయేది. సలోమి దాన్ని విప్పి, సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో రుద్ది, అడుగుపూతగా ప్రైమర్ కొట్టి, పుట్టినప్పటి బూడిదరంగు మళ్లీ వేసి ఇచ్చేది. ఆ బూడిదరంగు కలపడం అందరికీ రాదు. తెలుపులో నలుపు కలిపితే సిమెంటు గోడ రంగు వస్తుంది. అందులో ఎంత పసుపు పడాలో, ఎంత ఎరుపు పడాలో సలోమి కంటికే తెలుసు. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ కూడా ఆమెకి పెట్టెలు వచ్చేవి.

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం మంగళగిరి దగ్గరున్న ఒక ప్రయోగశాల నుంచి విరజ అనే శాస్త్రవేత్త, పాత పెట్టెలు ఇక్కడికొస్తాయని విని వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని, సలోమి రుద్దుతున్న పెట్టెనీ, కింద పళ్లెంలో చేరిన పచ్చటి నీళ్లనీ చాలాసేపు చూసింది.

"ఈ నీళ్లు ఏం చేస్తారండీ?" అంది.

"పారబోస్తాం. ఇంకేం చేస్తాం."

"ఇప్పటికి ఇలా ఎన్ని పెట్టెలు రుద్ది ఉంటారు?"

"మూడొందలు దాటి ఉంటాయి."

విరజ స్టూలు మీద కూలబడింది. తర్వాత మెల్లగా, "సలోమిగారూ, మూడొందల ఇళ్ల మాటలు మీరు ఆ కాలవలో పోశారు. మీ తప్పేం లేదు, అప్పటికి ఎవరికీ తెలియదు. నాకే నాలుగేళ్ల కిందట తెలిసింది" అంది.

సలోమికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలంటే వచ్చి చూడమంది విరజ. అలాంటి పాత పెట్టె ఏదైనా ఉంటే అందులోంచి చిన్న ముక్క తెచ్చుకోమంది.

సలోమి దగ్గర ఒక పెట్టె ఉంది, ఎవరికీ అమ్మనిది. తన తొమ్మిదో ఏట, 1995లో, రైల్వే వ్యాగన్ షాపులో పనిచేసే నాన్న బీసెంట్ రోడ్డులో కొనుక్కొచ్చింది. క్యాసెట్ పెట్టే చోట చిన్న మూత ఉంటుంది. ఇంటికి వెళ్లి ఆ మూత పీకి, చీర కొంగులో మూటకట్టుకుని మర్నాడు మంగళగిరి బస్సెక్కింది.

ప్రయోగశాలలో ఒక గాజు గదిలో సన్నటి ఊదారంగు దీపం ఉంది. విరజ ఆ మూతని దాని కింద బిగించి, మీట నొక్కింది. దీపం మూత మీద దారం చుట్టినట్టు తిరగసాగింది. అది తిరిగిన చోటల్లా పచ్చరంగు కాలి, ప్లాస్టిక్ సున్నంలా తెల్లబడుతోంది.

"ఆట ఆడుతున్నప్పుడు పెట్టె వేడెక్కుతుంది కదా" అంది విరజ. "ఆ వేడికి పైన పొర ఒకటి మాగుతుంది. మాగేటప్పుడు గదిలో ఎవరు మాట్లాడినా ఆ మాటకి పొర వణికి, ఆ వణుకు అలాగే గట్టిపడిపోతుంది. రోజుకో పొర. మేం దాన్ని కాలుస్తూ చదువుతాం. ఒక్కసారే కుదురుతుంది, రెండోసారి చదవడానికి ఏమీ మిగలదు."

"ఆట శబ్దం కూడా ఉంటుంది కదండీ. మేం చెవులు పగిలేలా పెట్టేవాళ్లం."

"అదే మాకు కలిసొచ్చింది. ఆ సంగీతం ప్రతి పెట్టెలోనూ ఒకటే. అదేమిటో మాకు తెలుసు కాబట్టి తీసేస్తాం. మిగిలింది మీ ఇల్లు."

దీపం ఆరింది. గోడకున్న స్పీకరు గరగరలాడింది. ముందు వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు, కొంచెం విసుగ్గా, కొంచెం అలసటగా:

"సలోమీ, అదాపి లేచి రా. అన్నం చల్లారిపోతోంది. అక్క కూడా తినకుండా కూర్చుంది."

ఇంకో లేత గొంతు, "నాకొద్దమ్మా."

"ఎందుకొద్దు? ఒక్క ముద్ద తిను, రాహేలూ."

అంతే. మూత మొత్తంలో ఉన్నది ఆ మాటలే. వాళ్లమ్మ మార్తమ్మ పోయేనాటికి సలోమికి పన్నెండేళ్లు. ఇంట్లో టేప్ రికార్డరు లేదు. రేషన్ కార్డు మీద ఫొటో ఒక్కటే మిగిలింది. నలభై ఏళ్లకి పైగా, అమ్మ గొంతు ఎలా ఉండేదో మరిచిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఎవరితోనూ అనకుండా బతుకుతోంది. ఆ గొంతు ఇప్పుడు తన పేరు పలికింది.

మళ్లీ వినిపించమంది. విరజ ఆరుసార్లు వినిపించింది. వెళ్లేటప్పుడు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు, సలోమి చదవకుండానే సంతకం పెట్టింది. ఆ క్షణాన ఏ కాగితమిచ్చినా పెట్టేదే.

*

ఆ సాయంత్రమే మచిలీపట్నంలో ఉన్న అక్కకి ఫోను చేసింది. రాహేలు సలోమి కంటే ఎనిమిదేళ్లు పెద్దది. ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైంది.

"అక్కా, ఇవాళ అమ్మ మాట విన్నాను."

మూత సంగతీ దీపం సంగతీ అంతా చెప్పింది. అక్క ఏడుస్తుందనుకుంది.

"ఆ పెట్టె ఎక్కడుంది?" అంది రాహేలు.

"నా దగ్గరే. మిగతా పెట్టంతా చదివితే నాలుగు వందల గంటలు వస్తుందట అక్కా. నాలుగు వందల గంటల అమ్మ."

"ఎవరికీ ఇవ్వకు. నేనొచ్చే దాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఆ ప్రయోగశాల వెనక ఉన్నదెవరో తెలుసా నీకు?"

సలోమికి తెలియదు, టీవీ చూసే అలవాటు లేదు. రాహేలుకి బాగా తెలుసు. విరజ కనిపెట్టినదాన్ని 'స్వరనిధి' అనే కంపెనీ కొనుక్కుంది. మొదట్లో చనిపోయినవాళ్ల గొంతులు బంధువులకి వినిపిస్తామని టీవీల్లో చెప్పుకున్నారు. తర్వాత మెల్లగా చట్టం ఒకటి తెచ్చుకున్నారు. ముప్పై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ వస్తువులో ఉన్న ధ్వని, దాన్ని ఎవరు చదివితే వాళ్లదని ఆ చట్టం. పాత ఆస్పత్రుల నుంచి మంచాల తల దగ్గరుండే మిషన్లను లారీల్లో తోలుకెళ్లారు. రోగులు నర్సులకి చెప్పుకున్నవీ, భార్యలు భర్తలకి చెప్పకుండా డాక్టర్లకి చెప్పినవీ, అన్నీ చదివి అడిగినవాళ్లకల్లా అందించారు. ఎందరి పెళ్లిళ్లో పెటాకులయ్యాయి. ఒక ముసలాయన తన రోగం సంగతి ఊరంతటికీ తెలిసిపోయిందని ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. దాని మీద నర్సులంతా కలిసి కోర్టుకి వెళ్లారు. ఆ కేసులో మొదటి సాక్షి రాహేలు.

మూతలో 'రాహేలూ' అన్న ఒక్క పిలుపుతో స్వరనిధి మిషన్లు ఆ లేత గొంతు ఎవరిదో పట్టేసుకున్నాయి. అది సలోమికి నాలుగో రోజున తెలిసింది.

*

వచ్చినవాడి పేరు శశాంక్. స్వరనిధి తరఫు మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. షాపులో కూర్చోమంటే దుమ్ముందని చూడకుండానే కూర్చున్నాడు. చెడ్డవాడిలా కనపడకపోవడమే సలోమికి ఇబ్బందైంది.

"అమ్మా, మీరు సంతకం పెట్టిన కాగితంలో మిగతా పెట్టె కూడా మాకు ఇస్తామని ఉంది" అన్నాడు. "బలవంతం అనుకోవద్దు. మీ అమ్మగారి మాటలు మొత్తం మీకో కాపీ ఇస్తాం. పాట పాడేవారా ఆవిడ?"

"పాడేది" అంది సలోమి. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"అయితే పాటలూ ఉంటాయి."

సలోమి చేతిలోని గుడ్డతో గన్ను తుడుస్తూ ఉండిపోయింది. ఆదివారాల్లో అమ్మ చర్చికి వెళ్లేముందు జడ వేస్తూ పాడేది. రాగం గుర్తులేదు. జుట్టు లాగినప్పటి నొప్పి మాత్రం గుర్తుంది.

"మా అక్క మీ మీద సాక్ష్యం చెబుతోంది. అందుకని కాదూ మీకు ఈ పెట్టె కావలసింది?" అని అడిగింది.

శశాంక్ అబద్ధమాడలేదు. "అది కూడా ఉంది. ఇళ్లలో మాట్లాడుకున్నవి బయటికి రాకూడదని ఆవిడ వాదన. ఆవిడ ఇంట్లో ఏముందో చూడాలని మా లాయర్లు అనుకుంటున్నారు."

లేచి వెళ్తూ ఒక నోటీసు బల్ల మీద పెట్టాడు. సంతకం పెట్టిన పదో రోజు సాయంత్రం ఐదు గంటల్లోగా పెట్టెని అప్పగించాలని, ఈలోగా దానికి ఏ మార్పూ చేయరాదని అందులో ఉంది.

*

రాహేలు ఆదివారం వచ్చింది. చర్చి చీర కట్టుకుని, చేతిలో చిన్న సంచితో. భోజనాలయ్యాక సలోమి ఆ పెట్టె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. మూత ఊడిన చోట నోరు తెరిచినట్టుంది. నాన్న అతికించిన స్టిక్కరు కింద మాత్రం అసలు బూడిదరంగు అలాగే మిగిలింది, మిగతాదంతా పసుపు.

"నువ్వు నేల మీద కూర్చుని ఆడుకుంటుండేదానివి" అంది రాహేలు. "నేనూ అమ్మా నీ వెనక మంచం మీద. టీవీ సౌండు పెట్టించేది అమ్మే, పక్కింటివాళ్లకి వినపడకూడదని. నువ్వు అనుకునేదానివి, అమ్మ ఎంత మంచిదో, ఎంతసేపైనా ఆడుకోనిస్తుందని."

సలోమి అక్క వైపు తిరిగింది.

"నాకు పదిహేడేళ్లు. కడుపుతో ఉన్నాను. వాడు ఎవరన్నది వదిలెయ్, ఎప్పుడో పోయాడు. నన్ను టైపు నేర్చుకోవడానికి పిన్ని వాళ్లింటికి పంపించారని నీకు చెప్పారు కదా, ఆ ఆర్నెల్లు నేను చర్చి మిషన్ వాళ్ల ఆశ్రమంలో ఉన్నాను. పాప పుట్టింది. అమ్మే ఒక ఇంటివాళ్లతో మాట్లాడి ఇప్పించింది. వాళ్ల పేరు, ఊరు, ఏ రోజున వస్తారు, ఏం గుడ్డలు కట్టి ఇవ్వాలి... అన్నీ ఆ మంచం మీదే మాట్లాడుకున్నాం. ఇరవై రోజులు అదే మాట."

సలోమికి ఆ ఆర్నెల్లు గుర్తొచ్చాయి. అక్క లేదని అలిగి, తిండి మానేసి, ఆటలో ఎనిమిదో మెట్టు దాటిన రోజులవి. ఇన్నేళ్లలో అక్క పెళ్లెందుకు చేసుకోలేదని ఒక్కసారీ గట్టిగా అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకు తొమ్మిదేళ్లే. తర్వాత అమ్మ పోయింది. తర్వాత చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు." రాహేలు చెల్లెలి చేయి మీద చేయి వేసింది. "విను. నా సంగతికి నేను భయపడట్లేదు. ఈ వయసులో నాకు సిగ్గేంటి? వాళ్లు అడిగేలోపు నేనే బోనులో నిలబడి చెప్తాను. నువ్వు అమ్మ గొంతు వినాలి, విను. నేనడ్డు రాను. ఆ పిల్ల పేరు తీసేయగలరా అని ఒక్కసారి కనుక్కో. ఆ పిల్లకి ఇప్పుడు నలభై అయిదేళ్లు. తనని పెంచినవాళ్లకే పుట్టానని అనుకుంటోంది. పిల్లలున్నారు. ఆ పేరు నాది కాదు, చెప్పడానికి నాకు హక్కు లేదు."

"తనెవరో నీకు తెలుసా?"

"తెలుసు. ఒకసారి మా వార్డుకి వచ్చింది, కాలు విరిగి. పన్నెండు రోజులు దగ్గరుండి చూసుకున్నాను. వెళ్లేటప్పుడు థాంక్స్ సిస్టర్ అంది."

ఆ తర్వాత రాహేలు అన్నం గిన్నెలు తీసి కడగడానికి లేచింది. సలోమి ఆమెని ఆపలేదు, తను కూడా వెళ్లి పక్కన నిలబడి గిన్నెలు తుడిచింది.

*

సోమవారం సలోమి మంగళగిరి వెళ్లింది. ప్రయోగశాల బయట చెట్టు నీడన విరజని పట్టుకుని, ఎవరి గురించీ చెప్పకుండా, ఒక పేరు వచ్చిన చోటు వదిలేసి మిగతాది చదవడం కుదురుతుందా అని అడిగింది.

"కుదరదు" అంది విరజ. "చదివే దీపానికి ఏది చదువుతోందో తెలియదు. చదివింది చదివినట్టే స్వరనిధి గదుల్లోకి పోతుంది, నా చేతికి కూడా తర్వాతే వస్తుంది. మొదట్లో అలా ఉండేది కాదు. ఈ పని మొదలుపెట్టినప్పుడు మా తాతగారి రేడియోలో ఆయన దగ్గు విన్నాను సలోమిగారూ. ఆయన దగ్గు విని రెండు రోజులు నిద్రపోలేదు, అంత సంతోషం. అదే అందరికీ ఇద్దామనుకున్నాను."

"ఆ పొరని చంపాలంటే ఏం చేయాలి?"

విరజ ఆమె మొహంలోకి చూసింది. ఈ ప్రశ్నకి జవాబు చెబితే తన ఉద్యోగం ఏమవుతుందో ఆమెకి తెలుసు. చెప్పకుండా తప్పించుకోవడానికి ఒక క్షణం ఆలోచించిందనీ సలోమికి కనపడింది.

"మామూలు గోడరంగు పూస్తే పోదు. రంగు కింద నుంచి కూడా చదివేస్తాం" అంది. "పొర వెంట్రుకలో సగం మందం ఉంటుంది. దాన్ని తడిపి రుద్దేయాలి. మూలల్లో మిగిలినదాన్ని థిన్నర్ గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ పైపైన కరిగి కలిసిపోతుంది. ఆ పైన ప్లాస్టిక్ ప్రైమర్. దాని మీద రెండు పూతలు రంగు. మీకు నేను చెప్పాలా? మీరు మూడొందలసార్లు చేసిన పనే."

సలోమి తలూపి బస్టాపు వైపు నడిచింది.

మూడు రోజులు ఆమె ఆ పెట్టె జోలికి వెళ్లలేదు. షాపుకి వెళ్లి వేరే పనులు చేసింది. ఇంటికొచ్చి పెట్టెని ముందు పెట్టుకుని కూర్చుంది. ఒకసారి వంగి దాని మీద చెవి ఆన్చింది. ప్లాస్టిక్ చల్లగా తగిలింది గానీ ఏమీ వినపడలేదు. అందులో అమ్మ పాట ఉంది, తనకి వేసిన కేకలున్నాయి, జ్వరమొచ్చినప్పుడు పిలిచిన పిలుపులున్నాయి. శశాంక్‌కి ఇచ్చేస్తే అవన్నీ రేపటికి తన చెవిలో ఉంటాయి. ఆ పిల్లకీ తనకీ ఏ సంబంధమూ లేదు, మొహం కూడా తెలియదు. అలా తనకి తాను చెప్పుకుని చూసింది. చెప్పుకున్న ప్రతిసారీ, పన్నెండు రోజులు సొంత కూతురి కాలికి కట్టు మారుస్తూ నోరు విప్పని అక్క కళ్లముందు కనపడింది. తను నాలుగు మాటల గొంతు కోసం చదవకుండా సంతకం పెట్టింది. అక్క నలభై అయిదేళ్లుగా మాట దాచింది.

*

పదో రోజు ఉదయం పదకొండింటికి సలోమి షాపు షట్టరు పూర్తిగా పైకెత్తింది. దొంగతనంగా చేయాలనుకోలేదు. నడిరోడ్డు మీద వెళ్లే ప్రతివాడికీ కనపడేలా బల్ల ముందుకి లాక్కుంది. పెట్టె అడుగునున్న అయిదు స్క్రూలు విప్పింది. లోపలి సామాను తీసి పక్కన పెట్టింది. పై డొప్పని సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్ తడిపి చేతిలోకి తీసుకుంది.

రాహేలు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. వద్దని రెండుసార్లు అంది. "నా కోసం చేయకు" అంది. "నీ కోసం కాదులే" అంది సలోమి.

అప్పుడే శశాంక్ కారు దిగాడు, వెంట ఇంకో ఇద్దరు. లోపల జరుగుతున్నది చూసి గబగబా మెట్టెక్కబోయాడు.

"ఆగు నాయనా" అంది రాహేలు. స్టూలు మీంచి లేవలేదు. వార్డులో రాత్రింబవళ్లు తిరిగిన మనిషి గొంతు అది, పెద్దగా అరవకుండానే ఆపుతుంది. "నోటీసులో ఐదు గంటలని ఉంది. ఇప్పుడు పదకొండున్నర. అప్పటిదాకా ఈ షాపు మా చెల్లెలిది. లోపలికి రావాలంటే నన్ను దాటుకుని రావాలి. నాకు అరవై మూడేళ్లు, మోకాళ్లు బాగాలేవు. తోస్తే పడతాను."

శశాంక్ ఆగిపోయాడు. పక్క షాపులోంచి లేత్ మిషను ఆపి బాషా బయటికొచ్చాడు. ఎదుటి టైర్ల షాపువాళ్లూ వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడ్డారంతే.

"సలోమిగారూ" అన్నాడు శశాంక్ అక్కడి నుంచే. "అది నేరం. నోటీసు తర్వాత మార్పు చేయకూడదు. మీ లైసెన్సు పోతుంది. జైలు కూడా పడొచ్చు. అంతకంటే, మీ అమ్మగారు అందులో ఉన్నారు. అది మీకు మళ్లీ దొరకదు."

"తెలుసు బాబూ" అంది సలోమి. "నీకంటే బాగా తెలుసు."

వాటర్ పేపర్ ఆనించి, గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. మొదటి చుట్టుకే పచ్చటి నీళ్లు కారాయి. చేతులు పని తెలిసినవి కాబట్టి ఆగలేదు. కళ్లు మాత్రం కనపడటం మానేశాయి. ముంజేత్తో తుడుచుకుని మళ్లీ రుద్దింది. ఒక మూల దగ్గర అరనిమిషం చెయ్యి ఆగింది. అక్కడ ఏముందో, పాటుందో తిట్టుందో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకూడదనే కదా అనుకుని ఆ మూలనీ రుద్దేసింది. పళ్లెం నిండితే లేచి వెళ్లి కాలవలో పోసి వచ్చింది. అలా నాలుగు పళ్లేలు.

థిన్నర్ గుడ్డతో తుడిచాక ప్లాస్టిక్ మొహం కడుక్కున్నట్టు తేలింది. ప్రైమర్ కొట్టి ఎండలో పెట్టింది. ఆరేలోపు రంగు కలపడానికి కూర్చుంది. అలవాటు చొప్పున తెల్లడబ్బా మీదికి చెయ్యి వెళ్లింది. అంతలో దాన్ని వెనక్కి పెట్టేసి, లారీ డోర్లకి వేసే పండుమిరప ఎరుపు తీసింది. కంప్రెసరు గట్టిగా మోగింది. గన్ను ఎత్తి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, రెండు పూతలు రంగు కొట్టింది.

నాలుగున్నరకి పెట్టె బిగించి, అట్ట మీద పెట్టి గుమ్మంలోకి తెచ్చింది.

"ఇంకా పచ్చిగా ఉంది" అంది శశాంక్‌తో. "చేత్తో పట్టుకోకండి, వేలిముద్రలు పడతాయి."

అతను ఆ ఎర్రటి పెట్టెని చూశాడు, ఆమెని చూశాడు. అట్ట రెండు చేతులతో అందుకుని కారెక్కాడు.

*

విరజ ఆ పెట్టెని ఆరు గంటలు చదివింది. స్పీకర్లో గాలి వీచినట్టు చప్పుడు తప్ప ఏమీ రాలేదు. 'చదవదగినది ఏదీ లేదు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టింది. పొర ఎలా పోగొట్టాలో తనే చెప్పానని దాని కిందే ఇంకో వాక్యం రాసింది. వారం తిరక్కుండా ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత ఆమె నర్సుల కేసులో రెండో సాక్షిగా వచ్చి, దీపం ఎలా పనిచేస్తుందో, కంపెనీ ఏం చేయకూడదని తను రాసిన ఉత్తరాలు ఏమయ్యాయో జడ్జికి చెప్పింది.

రాహేలు అన్న మాట నిలబెట్టుకుంది. స్వరనిధి లాయరు "మీ యౌవనం గురించి కొన్ని ప్రశ్నలు" అని మొదలుపెట్టగానే, "ప్రశ్నలెందుకు, నేనే చెప్తాను" అంది.

"నాకు పదిహేడేళ్లప్పుడు పెళ్లి కాకుండా ఒక బిడ్డ పుట్టింది. మంచి ఇంటికి ఇచ్చాం. అది మా అమ్మకీ నాకూ తెలుసు. ఇప్పుడు మీ అందరికీ తెలుసు. దీనివల్ల నా సాక్ష్యం ఎలా తప్పవుతుందో చెప్పండి."

"ఆ బిడ్డ ఎవరు?"

"చెప్పను."

"కోర్టు అడుగుతోంది."

"కోర్టు ఎన్నిసార్లు అడిగినా చెప్పను. నా వార్డులో ఒక మనిషి చెప్పుకున్నది ఇంకో మనిషికి నేను ఎన్నడూ చెప్పలేదు. సొంత బిడ్డ విషయంలో మొదలుపెడతానా?"

జడ్జి ఆ ప్రశ్న కొట్టేశారు. ఆస్పత్రి వస్తువులు చదవకూడదని ఆ ఏడాది చివర తీర్పొచ్చింది. ఇళ్ల వస్తువుల సంగతి మాత్రం తేలలేదు. పై కోర్టుకి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది.

సలోమి మీద కేసు విడిగా నడిచింది. అక్కడి మేజిస్ట్రేటు కుర్రమనిషి, ఆమెని శిక్షించడం ఆయనకి ఇష్టం లేనట్టే ఉంది. "చదువు లేక, చట్టం తెలియక చేశానని రాసివ్వండి. మళ్లీ చేయనని కూడా. హెచ్చరించి వదిలేస్తాను" అన్నారు.

"చట్టం తెలిసే చేశానండి" అంది సలోమి. "నోటీసు రెండుసార్లు చదివాను. చదవకుండా సంతకం పెట్టింది మొదటి కాగితం ఒక్కటే. దానికి మాత్రం బాధపడుతున్నాను. మళ్లీ చేయనని రాసివ్వలేను. ఎవరైనా అలాంటి పెట్టె తెస్తే చేస్తాను."

నెల్లాళ్లు జైలు, మూడేళ్ల పాటు రంగులు వేసే లైసెన్సు రద్దు. పాత ప్లాస్టిక్ వస్తువు దేనికీ ఆమె తన చేత్తో రంగు వేయరాదని ఉత్తర్వు.

జైలు నుంచి వచ్చాక మొదటి వారం ఆమె ఇంట్లోనే ఉంది. అక్క వండి పెడితే తింది. అమ్మ గొంతు తలుచుకుందామని కూర్చుంటే ఆ నాలుగు మాటలే వచ్చేవి, అవీ రోజురోజుకీ పలచబడుతున్నాయి. ఒక మధ్యాహ్నం రాహేలు దగ్గర ఏడ్చింది. నిజం దాచకుండా, "పోగొట్టుకున్నానక్కా" అంది. రాహేలు "అవును" అంది. అంతకు మించి ఓదార్చడానికి ప్రయత్నించలేదు.

ఎనిమిదో రోజున సలోమి ఉత్తర్వు కాగితం తీసి బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో వాక్యమే చదివింది. మర్నాడు షాపు షట్టరు ఎత్తి, బాషా దగ్గర రేకు ముక్క అడిగి తీసుకుని, తెల్లటి అక్షరాలతో ఒక బోర్డు రాసి వేలాడదీసింది.

'పాత ప్లాస్టిక్ సామాన్లకు రంగు వేయుట నేర్పబడును. ఎవరి వస్తువు వారు తెచ్చుకోవలెను. ఎవరి చేత్తో వారే రుద్దుకోవలెను.'

రెండు వారాలకి స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చాడు. బోర్డు చదివి, లోపలికి తొంగి చూశాడు. బల్లకి అటూ ఇటూ పదకొండు మంది నిలబడి ఉన్నారు. రేడియోలు, మిక్సీ గిన్నెల దిమ్మలు, టెలిఫోన్లు, ఒక పాప ఉయ్యాల మీద కట్టే గిలకల బొమ్మ. అందరి చేతులూ మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

"ఇది కుదరదు కదమ్మా. నీకు ఆర్డరు ఉంది" అన్నాడు.

సలోమి చీర చెంగుతో చేతులు తుడుచుకుని, ఉత్తర్వు కాగితం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తన చేత్తో వేయరాదని ఉంది. నేర్పరాదని ఎక్కడుందో చూపించండి."

అతను నిలబడే చదివాడు. రెండో పేజీ తిప్పాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

"లేదు" అన్నాడు.

"అయితే నిలబడి చదవకండి, అలా బెంచీ మీద కూర్చోండి" అని సలోమి లోపలికి వెళ్లింది. చివర్లో నిలబడ్డ ముసలావిడ టెలిఫోను మూల దగ్గర భయంభయంగా రుద్దుతోంది. సలోమి చేతులు వెనక్కి కట్టుకుని ఆమె పక్కన నిలబడి, "ఇంకొంచెం గట్టిగా రుద్దండమ్మా" అంది. "మూలల్లోనే ఎక్కువ ఉంటుంది."